చలికాలంలో లేత్ మీద చేసిన చెక్క గిన్నె ఎందుకు పగులుతుంది?

హైదరాబాద్‌లో డాబా మీది షెడ్డులో పచ్చి వేపదుంగతో లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద గిన్నె చేస్తే, జనవరిలో వారానికే బీటలు వారిందని అడిగారు. తప్పు చలిది కాదండీ, పొడిగాలిది. కర్ర ఆరేటప్పుడు దాని వయసు వలయాల వెంబడి వచ్చే కుదింపు, నడిమధ్య నుంచి బెరడు వైపు వచ్చేదానికి దాదాపు రెండింతలు ఉంటుంది. ఆ తేడాకే చీలుతుంది. అందుకే దుంగ నడిమధ్య భాగాన్ని గిన్నెలోకి రానివ్వకండి. మొదట గిన్నె గోడను మందంగా, గిన్నె వ్యాసంలో పదో వంతు ఉంచండి. గిన్నెను చెక్కగా వచ్చిన పొట్టుతోనే కాగితం సంచిలో కప్పి, గాలి తగలని మూల పెట్టి వారం వారం తూచండి. బరువు తగ్గడం ఆగాకే తుదిరూపం ఇవ్వాలి, నెలలు పడుతుంది.

చలికి నూనె పూత కూడా నిదానంగా ఆరుతుంది. నాకిష్టమైంది లక్క: ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మలకు చేసినట్టు, తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది.