ప్రకాశం బ్యారేజీ దాకా సొరచేప రాగలదా?

కృష్ణలో స్నానానికి దిగితే సముద్రం నుంచి సొర వస్తుందేమోనని అడిగారు. చాలా సొరలు మంచినీళ్లలో బతకలేవు, ఒంట్లో ఉప్పు తగ్గిపోతుంది. బుల్ షార్క్ అనే రకం సొర సంగతి వేరు: దాని మూత్రపిండాలు ఉప్పును బయటికి పోనివ్వవు. అందుకే అమెజాన్‌లో వేల కిలోమీటర్లు లోపలికి వెళ్లింది. ఇక్కడ మాత్రం కృష్ణ సముద్రంలో కలిసేది హంసలదీవి దగ్గర, వేసవిలో బ్యారేజీ దిగువన నీళ్లే పలచన, కాబట్టి సొర అక్కణ్ణుంచి ఇంత దూరం రావడం కష్టం. భయపడితే సుడిగుండాలకు భయపడండి.

సొరంటే ఇంత టెన్షన్ మనుషుల్ని తినే సొర కథతో 1975లో వచ్చిన జాస్ సినిమా పుణ్యమే. దాని మూల నవల రాసిన పీటర్ బెంచ్లీయే తర్వాత సొరల రక్షణకు పనిచేశాడు. నిజానికి అన్నిటికంటే పెద్ద సొర, తిమింగల సొర, తినేది ఎక్కువగా నలకల్లాంటి ప్లవకాల్ని, అంటే నీళ్లలో తేలే చిన్న జీవుల్ని. మన బాలింతలకు పాలసొర చేప కూర పెట్టే ఇళ్లలో ఎవరు ఎవర్ని తింటున్నారో మీకే తెలుసు!