టీ ధర తగ్గిందమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల మీద నువ్వు రాస్తున్న నవల ఆరు అధ్యాయాలూ చదివాను. ఐదో అధ్యాయంలో తేయాకు మానేసిన ముసలావిడ ఏవో ఆకుల కషాయం కాచుకుని, మొహం చిట్లించి, "అలవాటవుతుందిలే" అంటుంది చూడూ, అక్కడ బాగుంది. ఆరో అధ్యాయం మొదటి వాక్యం దగ్గర మాత్రం కాగితాలు పక్కన పడేసి వరండాలో పచార్లు చేశాను. "భారీ పన్నుతో టీ ధర చుక్కలనంటింది, బోస్టన్ జనం తిరగబడ్డారు" అని రాశావు. టీ ధర తగ్గిందమ్మా. 1773లో గొడవంతా తగ్గినందుకే.

అప్పటికి ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో కోటిన్నర పౌన్ల తూకానికి పైగా చైనా తేయాకు మూలుగుతోంది. కంపెనీ అప్పుల్లో ఉంది. పార్లమెంటు దానికి 14 లక్షల పౌండ్లు అప్పిచ్చి, సరుకు లండన్ వేలంలో పెట్టే పని లేకుండా నేరుగా అమెరికాకి పంపుకోమంది. ఇంగ్లండులో కట్టిన సుంకం వాపసిచ్చింది. దాంతో దొంగచాటుగా దిగే డచ్చి సరుకుతో పోటీపడేంత చవకైంది. అమెరికా రేవులో కట్టాల్సిన పౌనుకి 3 పెన్నీల పన్ను మాత్రం కావాలనే ఉంచారు. చవగ్గా వచ్చింది కదా అని తాగితే, తమ మనిషి ఒక్కడూ లేని పార్లమెంటుకి తమ మీద పన్ను వేసే హక్కుందని ఒప్పుకున్నట్టే. పైగా స్థానిక వర్తకుల పొట్టకొట్టే ఏర్పాటు.

1764లో మొలాసిస్, అదే చెరకు మడ్డి, సంగతీ ఇంతే. గ్యాలనుకి 6 పెన్నీల పన్నుని 3 చేశారు. ఆరున్నప్పుడు కట్టినవాడెవడు? కస్టమ్స్ వాడి చేతిలో ఎంతో కొంత పెట్టి పని కానిచ్చుకునేవాళ్ళు. సగానికి తగ్గించి గట్టిగా వసూలు మొదలెట్టేసరికి కడుపు మండింది.

అందుకే యాభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఏ వస్తువు ఎంతో తెలియకుండా చరిత్ర కథ రాయకూడదు. నీ ఆరు అధ్యాయాల్లో ఒక్కళ్ళు కూడా జేబులో చెయ్యి పెట్టి చిల్లర లెక్కపెట్టలేదు. అందరూ స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్ళే. నా మొదటి చారిత్రక కథలో శిస్తు లెక్కలుండేవి. ఓ వారపత్రిక ఎడిటరు వాటన్నిటినీ ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన "ఇక్కడ నాయిక స్నానం" అని రాసి తిప్పి పంపాడు. స్నానం పెట్టే పంపాను. అచ్చయింది. ఇప్పటికీ ఎవరైనా ఆ కథ బాగుందంటే తల దించుకుంటాను. ఇప్పుడేమో మొదటి పేజీలోనే శవం పడాలట. నువ్వూ పడేశావు.

స్టాంపు చట్టాన్ని రెండు లైన్లలో దాటేశావు, అది ఇంకా బాధేసింది. మా నాన్న దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా వేపచెట్టు కింద చిన్న బల్ల. ఒక వేసవిలో స్టాంపు కాగితాలు నిండుకున్నాయి. కూతురి పెళ్ళికి పొలం అమ్ముకోవాలని వచ్చిన రైతు మూడు రాత్రులు ఆ చెట్టు కిందే పడుకున్నాడు. నాకు పదేళ్ళు, చెంబుతో మంచినీళ్ళు ఇచ్చేవాణ్ణి. చట్టం అనగానే నాకు ఇప్పటికీ ఆ మనిషి మొహమే గుర్తొస్తుంది. 1765 నవంబరు 1 నుంచి అమెరికాలో దస్తావేజుకీ, పత్రికకీ, పంచాంగానికీ, ఆఖరికి పేకముక్కలకీ స్టాంపు ఉండాలన్నారు. బోస్టన్‌లో ఆ స్టాంపులు పంచాల్సిన ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మని ఆగస్టు 14న చెట్టుకి వేలాడదీశారు. జనానికి జడిసి స్టాంపుల వాళ్ళు దాదాపు అందరూ రాజీనామాలిచ్చారు. స్టాంపు కాగితం లేక చాలాచోట్ల కోర్టులు మూతపడ్డాయి. ఆ నెలల్లో ఓ లేఖరి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో రాయి. 1766 మార్చిలో చట్టం రద్దు చేస్తూ, మీ మీద ఏ చట్టమైనా చేసే అధికారం మాకుందని పక్కనే ఇంకో చట్టం చేశారు చూడు, దాన్నీ వదిలేశావు.

సరిగ్గా ఆ 1765 ఆగస్టులోనే మొగలు పాదుషా షా ఆలం మన ఉత్తర సర్కారుల్ని ఇదే కంపెనీకి ఫర్మానా రాసిచ్చాడు. అక్కడ కాగితం మీద పన్నని గొడవ, ఇక్కడ ఒక్క కాగితంతో జిల్లాలకు జిల్లాలు పోయాయి. దీన్ని నవలలో ఇరికించకు.

ఇక నీ విలన్ హచిన్సన్, అప్పటి మసాచుసెట్స్ లెఫ్టినెంట్ గవర్నరు. ఆగస్టు 26 రాత్రి జనం అతని ఇల్లు గుల్ల చేశారు. అతను రాసుకుంటున్న మసాచుసెట్స్ చరిత్ర రాతప్రతి వీధి బురదలో పడింది. ఓ పాదిరీ ఏరి తెచ్చిస్తే, రెండో సంపుటంగా 1767లో అచ్చేశాడు. తమాషా ఏంటంటే, స్టాంపు చట్టం మంచిది కాదని లోపల్లోపల వాదించినవాడే అతను. తర్వాత గవర్నరై, పన్ను కట్టందే తేయాకు ఓడలు తిరిగి వెళ్ళడానికి వీల్లేదన్నవాడూ అతనే. ఆ సరుకు తీసుకోవాల్సిన వర్తకుల్లో అతని కొడుకులిద్దరున్నారు. ఇంత మనిషిని మీసం మెలేసే జమీందారుని చేశావు. ఆ కాలంలో అక్కడి పెద్దమనుషులు మీసాలే పెంచేవాళ్ళు కాదు.

1773 డిసెంబరు 16 రాత్రి నీ హీరో ఉపన్యాసానికి ఊగిపోయి జనం ఓడలెక్కారు. ఊగిపోవడం కాదు, అది గడువు. డార్ట్‌మౌత్ ఓడ వచ్చింది నవంబరు 28న. ఇరవై రోజుల్లో పన్ను కట్టకపోతే కస్టమ్స్ వాళ్ళు సరుకు పట్టుకోవచ్చు. అంటే తెల్లారితే చేతులు దాటిపోతుంది. మూడు ఓడల మీద 342 పెట్టెలు పగలగొట్టి నీళ్ళలో పోశారు, మిగతా సరుకు ముట్టుకోలేదు, డెక్కు ఊడ్చి మరీ వెళ్ళారు. నీ హీరో పక్కన ఎవడో "ఇదిరా మన టీ పార్టీ!" అని అరుస్తాడు. ఆ పేరు పుట్టింది అర్ధ శతాబ్దం గడిచాక. కొట్టెయ్.

ఆ తర్వాత బ్రిటిష్ వాళ్ళు బోస్టన్ రేవు మూసెయ్యడం, ఊరి సభలకు కళ్ళెం వెయ్యడం, యుద్ధానికి నాంది పలికిన లెక్సింగ్టన్ కాల్పులు, ఇవన్నీ నువ్వు రాసింది ఫరవాలేదు. కలం పేరు గురించీ, ముందుమాట గురించీ ఏదో అడిగావు, తర్వాత చూద్దాం.

ఆరో అధ్యాయం మళ్ళీ రాసి పంపు. ఫోన్‌లో కాదు, కాగితం మీద. ఆ ముసలావిడ అటక మీద ఎక్కడో ఓ తేయాకు పొట్లం దాచుకునే ఉంటుంది. ఎంతకు కొన్నదో రాయి.