కాలేజీ పత్రికకు ఫొటోలు తీయడం, ఎడిట్ చేయడం ఎలా నేర్చుకోవాలి? కోర్సు చేయాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఒడిశాలోని గజపతి జిల్లాలో డిగ్రీ చదువుతున్నారు. ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడు విభాగాలున్న కాలేజీ పత్రికకు ఫొటోల పని మీకు అప్పజెప్పారు. చేతిలో ఉన్నవి ఒక మామూలు ఫోను, ఒక పాత లాప్‌టాప్. బరంపురం వెళ్ళి కోర్సులో చేరాలా, ముందు కెమెరా కొనాలా అని అడిగారు.

ఇప్పటికి రెండూ అక్కర్లేదు. మీ జిల్లాలోని పర్లాకిమిడిలో చదువుకునేటప్పుడు నేనూ ఇదే పని చేశాను, ఇప్పుడు ఇదే నా బతుకుతెరువు. నాకు ఫొటోగ్రఫీ నేర్పింది ఆ పత్రికే. ఫోన్‌లో చూసుకుని మురిసిపోయే ఫొటోకి ఏ పరీక్షా ఉండదు. అచ్చుకి వెళ్ళే ఫొటోకి ఒక కొలత ఉంటుంది, ఒక కాగితం ఉంటుంది, పక్కన ఒక వ్యాసం ఉంటుంది, ఫలానా తేదీకి ఇచ్చి తీరాలన్న గడువు ఉంటుంది. అందుకే నా సలహా: పేజీ దగ్గర మొదలుపెట్టి కెమెరా దాకా వెనక్కి రండి.

ముందు ప్రెస్సుకి వెళ్ళి మూడు సంగతులు అడగండి: పత్రిక సైజు ఎంత, లోపలి పేజీలు రంగులా నలుపు-తెలుపా, కాగితం ఏది. ఏ4 సైజు అనుకుందాం, అంటే 210×297 మిల్లీమీటర్లు. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలని అంటారు. ఆ లెక్కన నిండు పేజీ ఫొటోకి 2480×3508 పిక్సెళ్ళు కావాలి. కవర్ అయితే చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) కలపాలి, కోత కాస్త పక్కకి జరిగినా అంచున తెల్ల గీత కనబడకుండా. 12 మెగాపిక్సెళ్ళ ఫోను ఇచ్చేది 4000×3000, కాబట్టి నిలువుగా తీస్తే మీ ఫోను ఫొటో కవర్‌కి సరిపోతుంది. దూరం నుంచి తీసి తర్వాత సగం కోసేస్తే మాత్రం సరిపోదు. దగ్గరికి వెళ్ళి తీయాలన్న పాఠం నాకు ఈ లెక్కలోనే బుర్రకెక్కింది.

ఇంకో సంగతి. ఫ్రెండ్స్ దగ్గర ఫొటోలు తీసుకునేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోవద్దు. అది పొడవు వైపుని 1600 పిక్సెళ్ళ దగ్గరకు కుదించేస్తుంది, అచ్చులో ఐదు అంగుళాలకి మించి రాదు. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదంటే కేబుల్‌తో కాపీ చేసుకోండి.

ఇక ఫొటో తీయడం. మన పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో చేసే బొమ్మల మీద మీ పత్రికలో తప్పకుండా ఒక వ్యాసం ఉంటుంది, ఉండాలి కూడా. వెలుగు గురించి అంత బాగా చెప్పే వస్తువు ఇంకోటి నాకు తెలీదు. మెరుగు పెట్టిన నల్లటి కొమ్ము కొంగని బల్ల మీద పెట్టి ఫ్లాష్ కొట్టి చూడండి. ఒక తెల్ల చుక్క, చుట్టూ నల్ల ముద్ద, అంతే. నున్నగా మెరిసే వస్తువుని ఫొటో తీయడమంటే దాని మీద పడే ప్రతిబింబాన్ని తీయడమే. ఫ్లాష్ తీసేసి బొమ్మని వాకిలి పక్కకి తెండి, ఎండ నేరుగా పడని చోట. రెండో పక్క తెల్ల పంచె గానీ డ్రాయింగ్ షీటు గానీ నిలబెట్టండి. కొంగ మెడ వంపు పొడుగునా ఒక తెల్లటి గీత పాకుతుంది, అప్పుడే ఆ వంపు కంటికి తెలుస్తుంది. షీటుని కాస్త అటూ ఇటూ జరిపితే గీత సన్నబడుతుంది, వెడల్పవుతుంది. ఒక సాయంత్రం దీనికే కేటాయించండి. కెమెరాకి తెలిసింది ఒక్కటే, దేన్ని చూసినా మధ్యస్థమైన బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. నల్ల బొమ్మని అందుకే బూడిదగా చూపిస్తుంది. తెర మీద బొమ్మని నొక్కి, వెలుగుని వేలితో కిందికి లాగండి, నలుపు నలుపుగా వస్తుంది.

తర్వాత ఆ బొమ్మ చేసే ఆయన చేతులు తీయండి. కొమ్ముని నిప్పు సెగకి వేడి చేసి మెత్తబడ్డాక వంచుతారు, తర్వాత ఆకురాయితో రుద్దుతారు. ఆ రుద్దే చేయి ఆగదు. ఇంటి లోపలి వెలుగులో ఫోను తనంతట తాను 1/30 సెకను దగ్గర తీస్తుంది, చేయి అలుక్కుపోతుంది. ప్రో మోడ్‌లో షట్టర్ వేగాన్ని 1/250 సెకనుకి పెంచండి. ఐఎస్ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) పెరిగి ఫొటోలో గరుకు వస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. అరపేజీలో అచ్చయ్యాక గరుకు పెద్దగా కనబడదు, అలుక్కుపోయిన చేయి మాత్రం కనబడుతుంది. షట్టర్, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం), ఐఎస్ఓ మూడూ పుస్తకంలో చదివితే లెక్కల్లా ఉంటాయి. ఇలా ఒక పనివాడి ముందు కూర్చుంటే దేన్ని వదులుకుని దేన్ని దక్కించుకోవాలో తెలుస్తుంది.

ఎడిటింగ్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. జింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, 1996 నుంచి ఉంది, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. మొదట వంకర సరిచేసి కత్తిరించడం, తర్వాత లెవెల్స్ (నలుపు, తెలుపు హద్దులు సరిచేయడం), ఆపైన కర్వ్స్ (మధ్య ఛాయలు తేల్చడం, ముదర్చడం). చివర్లో పేజీలో పడే కొలతకి తగ్గించి, అప్పుడే షార్పెన్ చేయడం, అంటే అంచులకి పదును పెట్టడం. ఈ నాలుగూ వస్తే పత్రిక పనిలో చాలా భాగం వచ్చినట్టే. లెవెల్స్ తెరిచినప్పుడు కనబడే కొండ లాంటి గ్రాఫ్‌ని ప్రతి ఫొటోకీ చూడండి. పాత లాప్‌టాప్ తెర వెలుగుని నమ్మలేం గానీ ఆ గ్రాఫ్‌ని నమ్మొచ్చు.

నలుపు-తెలుపు పేజీలు చౌక కాగితం మీద వేస్తే సిరా పీల్చుకుని చుక్కలు ఉబ్బుతాయి, మధ్య ఛాయలన్నీ ముదురుతాయి. కాబట్టి తెర మీద సరిగ్గా ఉందనిపించినదానికంటే కాస్త తేలికగా ఉంచి పంపాలి. ఎంత తేలిక అన్నది ప్రెస్సుని బట్టి మారుతుంది. ఒకే ఫొటోని మూడు నాలుగు రకాల కర్వ్స్‌తో ఒక పేజీలో పేర్చి, అదే కాగితం మీద అచ్చు తీయించి పెట్టుకోండి. మెషిన్ మీద వేరే పని నడుస్తున్నప్పుడు బతిమాలితే వేసి పెడతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మధ్య ఛాయలు తేల్చడం వేరు, మొహాలు తెల్లబరచడం వేరు. ఫోన్ల బ్యూటీ మోడ్ తీసేయండి. గుమ్మా, సెరంగో వైపు నుంచి వచ్చి చదువుకునే సవర గిరిజన అమ్మాయి ఫొటో పత్రికలో ఆమె రంగులోనే రావాలి, పేరు ఆమె చెప్పినట్టే పడాలి. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ళ భాషలోనే వాచకాలు రాసిన ఊరు ఇది. ఆ ఊరి పత్రిక చూసుకున్న పిల్ల తనని తాను గుర్తుపట్టలేకపోతే అది మనకి తగదు. అడిగి తీయండి, తీసింది చూపించండి, పత్రిక వచ్చాక ఒక కాపీ ఇవ్వండి.

పాత ఫొటోలు కూడా వెతకండి. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి మొదలైన చిన్న రైలు 2004లో ఆగిపోయింది, ఆ రైలు ముందు నిలబడి దిగిన ఫొటోలు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో! 3×4 అంగుళాల ఫొటోని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 6×8 అంగుళాల దాకా అచ్చు వేయొచ్చు. నలుపు-తెలుపు ఫొటో అయినా రంగులోనే స్కాన్ చేయండి. ఎందుకంటే రంగు ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలు (ఛానెళ్ళు) ఉంటాయి, పసుపు మరకలు నీలం ఛానెల్‌లో గాఢంగా కనబడతాయి, ఎరుపు ఛానెల్‌లో దాదాపు ఉండవు. జింప్‌లో ఛానెళ్ళు విడదీసి ఎరుపుది ఉంచుకుంటే సగం శుభ్రం అక్కడే అయిపోతుంది. గీతలు మాత్రం హీల్ టూల్‌తో ఓపిగ్గా చెరపండి. మొహాల మీద వద్దు.

అక్షరాలు ఫొటోలో టైపు చేయొద్దు. కవర్ మీద పేరైనా, కింద వ్యాఖ్యలైనా పేజీ కట్టే సాఫ్ట్‌వేర్‌లోనే, పూర్తి నలుపు సిరా ఒక్కదానితోనే వేయించండి. ఫొటోలో కలిసిపోయిన నల్ల అక్షరం సీఎంవైకేలోకి (అచ్చులో వాడే నీలి, గులాబీ, పసుపు, నలుపు సిరాలు) మారేటప్పుడు నాలుగు సిరాలుగా విడిపోతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ఒడియా గుండ్రాలు, మన ఒత్తులు, తలకట్లు మసకబారతాయి. మీ పేజీలు కట్టే డీటీపీ ఆయన అను ఫాంట్లతో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) పేజీ కడుతుంటే, మీరు యూనికోడ్‌లో టైపు చేసినది మార్చాక ఒత్తులు ఒకసారి కళ్ళతో చదువుకోండి.

కెమెరా గురించి: వచ్చే ఏడాది కూడా ఈ పని మీరే చేస్తుంటే అప్పుడు ఒక సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకోగల కెమెరా), 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు తీసుకోండి. వార్షికోత్సవం రాత్రి స్టేజి మీద డాన్సులకి అది ఫోను చేయలేని పని చేస్తుంది. ఈలోగా ప్రెస్సుకి వెళ్ళి ఏ కాగితమో కనుక్కుని ఇక్కడే రాయండి. టెస్ట్ పేజీకి కర్వ్స్ ఎంతెంత పెట్టాలో చెబుతాను.