టికెట్ అడగబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, అత్తయ్య ఆశీస్సులు.

విజయవాడ సింగ్‌నగర్‌లో మీ డివిజన్ నుంచి కార్పొరేటర్ టికెట్ అడుగుతానని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు ఎంతో సంతోషంగా ఉంది. అయితే ‘మహిళలకు వస్తే అడుగుతాను’ అన్నావు చూడు, ఆ మాట ఇక అనకు. కార్పొరేషన్‌లో సగం సీట్లు మనవే, నిజమే. కానీ ఏ డివిజన్ ఎవరికన్నది ఎన్నికలు దగ్గర పడితే గానీ తేలదు. అది తేలిన సాయంత్రానికే అక్కడి నాయకుడు తన భార్య పేరు పైకి పంపేస్తాడు. అందుకని జనరల్ అయినా పోటీ చేస్తానని ఇప్పుడే చెప్పేయి. గుంటూరు పశ్చిమ అసెంబ్లీ స్థానం మహిళలకు కేటాయించినది కాదు. అయినా 2024లో రెండు ప్రధాన పార్టీలూ అక్కడ మహిళలనే నిలబెట్టాయి. విడదల రజినిపై గల్లా మాధవి గెలిచారు. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే చట్టం 2023లో వచ్చినా, జనగణన, పునర్విభజన అయ్యాకే అమలవుతుంది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

మహిళా విభాగంలో పదవి ఇస్తామంటే తీసుకో, కానీ అక్కడే ఆగిపోకు. హారతులకూ ర్యాలీలకూ మనల్ని ముందు నిలబెట్టి, పేర్లు ఖరారు చేసే గదికి మాత్రం పిలవరు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే సంగతి ఇదే. డివిజన్ కమిటీలో, బూత్ బాధ్యతల్లో చోటు అడుగు.

ఓటర్ల జాబితా నీ చేతిలో ఉండాలి. ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఒక్కో నోటు పుస్తకం పెట్టు. ఇంటి నంబరు వారీగా తిరిగి, ఎవరు ఊరు మారారు, ఎవరు చనిపోయారు, పద్దెనిమిది నిండినా ఎవరి పేరు ఎక్కలేదు, అన్నీ రాసుకో. కొత్త పేరుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8 దగ్గరుండి నింపించు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మీ వీధుల్లో నష్టం నమోదు కాని ఇళ్లు ఏవో కూడా పక్కన రాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లకు అర్జీ రాసిపెట్టినది నువ్వే కదా. పార్టీ సర్వే వాళ్లు వచ్చినప్పుడు ఆ ఆడవాళ్ల నోటి నుంచి నీ పేరే రావాలి. డ్వాక్రా సంఘాల నుంచి బూత్‌కు ఇద్దరు చొప్పున, పోలింగ్ రోజు ఏజెంట్లుగా కూర్చోగలిగిన వాళ్లను ఎంచుకో.

కార్పొరేటర్ టికెట్‌లో నియోజకవర్గ ఇన్‌ఛార్జి మాటకు బలం ఎక్కువ. ఆయన్ను కలిసేటప్పుడు మీ ఆయన పక్కనే ఉండనీ, జవాబులు మాత్రం నువ్వే చెప్పు. ‘మీ వారు ఏమంటారు’ అని అడిగితే, ‘పోటీ చేసేది నేనండీ’ అని మర్యాదగా చెప్పి, పుస్తకాలు బల్ల మీద పెట్టు. ఎంత ఖర్చు పెట్టగలవని తప్పకుండా అడుగుతారు. లేని డబ్బు ఉందనకు. నీతో నడిచే వాళ్ల పేర్లు, బూత్ వారీగా ఓట్ల లెక్క చూపించు. టికెట్ ఇప్పిస్తానని మధ్యవర్తి ఎవరైనా వస్తే రూపాయి కూడా ఇవ్వకు. బంగారం తాకట్టు పెట్టకు.

ఇంటి పన్ను బకాయి లేకుండా చూసుకో. కుల ధ్రువపత్రం అవసరమైతే ఇప్పుడే తీసిపెట్టుకో. పేరు ప్రకటించారని సంబరపడి ఇంట్లో కూర్చోవద్దు, చివరి గంటలో పేర్లు మారిపోతాయి. నువ్వే తమ అభ్యర్థివని పార్టీ ఇచ్చే బి-ఫారం గడువులోగా రిటర్నింగ్ అధికారికి అందేదాకా పార్టీ గుర్తు నీది కాదు.

నీ మీద పుకార్లు పుట్టిస్తారు. వాటికి జవాబులు చెబుతూ తిరగకు, ఇంటింటి పని ఆపకు.

ఇన్‌ఛార్జిని కలిసే ముందు ఆ పుస్తకాలు తీసుకుని ఒకసారి ఇంటికి రా. లెక్కలు ఇద్దరం కలిసి చూద్దాం.

మీ అత్తయ్య