మహేశుకు మామ రాసేది

చిరంజీవి మహేశుకు మామ ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గట్టు తగాదా కేసులో నీ పేరు ఐదో ముద్దాయిగా ఎక్కిందని ఏడ్చింది. ఊరి పెద్దమనిషి ఇంటికి పోయి కాళ్లు పట్టుకుందాం అంటే నువ్వు ఒప్పుకోలేదంట, లాయర్ని పెట్టుకొని కోర్టులోనే తేల్చుకుంటానన్నావంట. ఆ మాట విని నాకు కడుపు నిండింది రా. అంతలోనే ఇంకో సంగతి చెప్పింది. లాయర్ని మీ పెదనాన్న కొడుకు మాట్లాడినాడంట, ఐదుగురికీ ఆయనొక్కడే అంట, ఫీజు కూడా వాడే కడతాడంట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం పట్టుకున్నా.

ముందు చిన్న పనులు చెప్తా. ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకో. స్టేషన్ నుంచి విచారణకు రమ్మని 35(3) నోటీసు వస్తే లాయరుకు చెప్పి, రమ్మన్న రోజు తప్పకుండా పో. ఏడేళ్ల లోపు శిక్షపడే కేసుల్లో నోటీసు ప్రకారం నడుచుకున్నవాణ్ని, కారణం రాసిపెట్టకుండా అరెస్టు చేయకూడదు. నువ్వు చెప్పింది పోలీసులు రాసుకుంటే దాని కింద నీ సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. ఇంక తెల్లకాగితం మీద పెట్టమంటే అసలే పెట్టొద్దు. వాట్సాప్ స్టేటస్‌లో ఆ గొడవ గురించి ఒక్క ముక్క పెట్టొద్దు.

ఎఫ్‌ఐఆర్‌లో 118(1) ఉందని మీ అమ్మ చదివి చెప్పింది. కొత్త చట్టంలో అది ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిచే సెక్షన్. మా కాలంలో దాన్నే 324 అనేవాళ్లు. మూడేళ్ల దాకా శిక్ష. అంతే కదా అని ఊరుకోవద్దు. అవతలివాడికి ఎముక విరిగిందని డాక్టరు రాస్తే 118(2)కి మార్చేస్తారు, అది చాలా పెద్దది. దాంతోపాటు 190 కూడా ఉందంట, అదే పాత 149. ఐదుగురు గుంపుగా కూడి కొట్టినారంటే, ఎవరి చేతిలో కట్టె ఉంది, ఎవరి చేతిలో లేదు అని చూడరు. గుంపులో నువ్వున్నావా లేదా, అదే పెద్ద ప్రశ్న.

అక్కడే నా కథ.

1988లో మా ఊళ్లో బావి వాటా గొడవ. అప్పటికి నాకు టీచరు ఉద్యోగానికి పేరు వచ్చింది, ఆర్డరు రావాల్సి ఉంది. గొడవ జరిగిన రోజు నేను ఊళ్లోనే లేను. పదమూడు బస్తాల చెనక్కాయలు ఎద్దుల బండి మీద ఆదోని యార్డుకు తోలుకుపోయినా. అమ్మినాక వ్యాపారి ఇచ్చిన తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, జేబులో పెట్టుకొని, రాత్రికి ఇల్లు చేరేసరికి పోలీసులు అరుగు మీద కూర్చొని ఉన్నారు. అవతలివాళ్లు మా అన్నదమ్ముల పేర్లన్నీ రాసిచ్చినారు, అందులో నాదీ ఒకటి.

అప్పుడు మా చిన్నాయన ఒక లాయర్ని పట్టుకొచ్చినాడు. మాకు దూరపు బంధువు, భూముల కేసుల్లో మంచి పేరున్నాయన. ఫీజు తక్కువ, పైగా మనవాడు అన్నారు. అందరం ఒకే వకాలత్ మీద వరుసగా సంతకాలు పెట్టినాం. నేను తక్‌పట్టీ తీసి చూపిస్తే ఆయన ఒక్క క్షణం చూసి, "అందరిదీ ఒకే మాట ఉండాల అబ్బాయ్, వాళ్లే మీదికొస్తే మనం అడ్డుకున్నాం అని చెప్తాం" అన్నాడు. మనం అంటే అందరం. అంటే నేనూ అక్కడ ఉన్నానని నా లాయరే ఒప్పుకున్నట్టు అయింది. నాకు నోరు రాలేదు. ఒక్కణ్ని వేరే మాట చెబితే అన్నల్ని వదిలేసి తప్పుకున్నాడంటారని భయం. ఆ తక్‌పట్టీ గుమస్తా చేతికిచ్చినా, నకలు కూడా ఉంచుకోలేదు. మళ్లీ నా కంట పడలేదు.

సాక్ష్యాల రోజు డాక్టరు వచ్చినాడు. గాయం కట్టెతోనా, రాయితోనా, కిందపడితేనా అని అడగాల్సిన చోట మా లాయరు రెండు ప్రశ్నలు వేసి కూర్చున్నాడు. ఏడాది శిక్ష పడింది. అప్పీలుకు ఇంకో లాయర్ని పెట్టుకున్నా, నా ఒక్కడి కోసం. ఆయన ఆ డాక్టరు సర్టిఫికెట్టుకూ సాక్షుల మాటలకూ పొంతన లేదని వాదించి అనంతపురం సెషన్స్ కోర్టులో కొట్టేయించినాడు. అప్పటికి 1997. తొమ్మిదేళ్లు. కేసు ఉందని ఉద్యోగం ఆర్డరు ఎప్పుడో ఆగిపోయింది. బెయిలు వచ్చేదాకా సబ్‌జైల్లో ఉన్న పన్నెండు రోజులూ మీ అమ్మే క్యారియర్ తెచ్చేది. ఎనిమిదో తరగతి పిల్ల, సంగటి, ఊరిబిండి పట్టుకొని బస్సు దిగి ఒక్కతే నడిచి వచ్చేది. అందుకే నిన్న ఫోన్లో అంతగా ఏడ్చింది.

నువ్వు ఆ సాయంత్రం గుంతకల్లు బంకులో పెట్రోలు కొట్టించుకున్నావంట. ఫోన్‌పేలో టైము కూడా ఉందంట కదా. ఆ సంగతి మీ అన్నకు చెప్తే "దాంతో పనేముంది" అన్నాడంట. పని ఉంది రా! అదే నీ తక్‌పట్టీ. బంకు కెమెరాలో పాతదాని మీద కొత్త రికార్డు ఎక్కిపోతుంది, రోజులు లెక్కపెట్టుకో. దాన్ని భద్రపరచమని లాయరు చేత దర్యాప్తు అధికారికి రాతమూలకంగా ఇప్పించు, వినకపోతే కోర్టులో పిటిషన్ వేయించు. ఉత్త కాపీ పెన్‌డ్రైవ్‌లో తెస్తే చాలదు, కొత్త సాక్ష్య చట్టం 63 కింద సర్టిఫికెట్ కావాల, పాత 65బి మాదిరి. ఈ మాట నువ్వు చెప్పకముందే అడిగే లాయరు అయితే సగం నమ్మొచ్చు.

లాయర్ని వెతికేటప్పుడు ఆఫీసు గదిని, కారుని చూడొద్దు. ఒక పూట అనంతపురం కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చో, ఎవరూ వద్దనరు. సాక్షిని క్రాస్ చేసేటప్పుడు, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, ఎవరు కాగితాలు చదువుకొని వచ్చినారో నీకే తెలుస్తుంది. అరవడం చూసి మోసపోవద్దు. రోజూ క్రిమినల్ కేసులు చేసేవాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని కలువు. సెషన్స్‌లో ఎన్ని కేసులు చివరిదాకా నడిపినారో అడుగు. వాయిదాకు మీరొస్తారా, జూనియర్ వస్తాడా అని అడుగు. ఫీజు బెయిలుకు ఎంత, ఛార్జిషీటు తర్వాత ఎంత, విచారణకు ఎంత అని విడివిడిగా మాట్లాడుకొని రసీదు తీసుకో. ముందస్తు బెయిలు ఇప్పుడు 482 కింద వేస్తారు. పాత చట్టంలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుకు పోయేది, అది ఇప్పుడు 528 అయింది. 2024 జులై 1 నుంచి నంబర్లన్నీ మారినాయి, వాటిలో తడబడేవాడు నీకొద్దు. "జడ్జి మనవాడే, గ్యారంటీ" అన్నవాడి దగ్గర టీ కూడా తాగొద్దు. ఎంచుకున్నాక మాత్రం ఆయనకు ఏదీ దాచొద్దు, ఆ పొద్దున మీ అన్నతో నువ్వు ఏం మాట్లాడినావో అది కూడా.

మీ అన్న అలుగుతాడు. అలగనీ. నేను పోయి మాట్లాడతా, ఆ పని నాకొదిలెయ్. డబ్బుకు ఇబ్బందైతే ఎద్దులు అమ్మిన సొమ్ము బ్యాంకులో ఉంది, నీ కోసం తీస్తా.

సోమవారం పదింటికి కోర్టు గేటు దగ్గర ఉంటా. ఫోన్, ఎఫ్‌ఐఆర్ కాపీ, ఫోన్‌పే కాగితం రెండేసి నకళ్లు తీసుకొని రా. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించొద్దు, క్యారియర్ సంగతి చదివితే మళ్లీ ఏడుస్తుంది.

నీ మామ
అనంతపురం, పాతూరు