ఒకే వంట, రెండు రిపోర్టులు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్. మావారూ నేనూ తినేది ఒకే వంట, పైగా ఆయన పప్పులో నెయ్యి గరిటెతో పోసుకుంటారు. ఆయన రిపోర్టు బాగుంది, నాకేమో చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 138, రక్తంలో కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 260, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 34. ఇదేం న్యాయమండీ?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: న్యాయం కాదు గానీ కారణం ఉందమ్మా. ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువభాగం లివరే తయారు చేస్తుంది, ఎంత చేయాలి, రక్తంలోంచి ఎంత వెనక్కి లాక్కోవాలి అన్నది చాలావరకు జీన్స్ చేతిలో ఉంటుంది. ఏపీఓఈ అనే జీన్‌లో ఈ4 రకం వచ్చినవాళ్లకి సగటున ఎల్‌డీఎల్ కాస్త ఎక్కువ, నెయ్యి, కొబ్బరినూనె లాంటి శాచురేటెడ్ కొవ్వులు తింటే మిగతావాళ్లకంటే ఎక్కువ పెరగొచ్చు కూడా. మీకు అదే ఉందని నేననను. ఆ టెస్టుకి డబ్బు తగలేయకండి, తినాల్సింది ఎలాగూ మారదు.

నాకైతే మీ అంకెల్లో షుగర్ ముద్రే కనిపిస్తోంది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు లివర్‌కి చేరి, అక్కణ్నుంచి ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి వస్తుంది, హెచ్‌డీఎల్ పడిపోతుంది. కాబట్టి నెయ్యినొక్కదాన్నే తిట్టి లాభం లేదు, రెండు పూటలా కంచం నిండా తినే అన్నానికీ ఇందులో వాటా ఉంది. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. పామాయిల్ ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ లేదని రాస్తారు చూడండి, నిజమే, ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు, కానీ అందులో దాదాపు సగం శాచురేటెడ్ కొవ్వే!

షుగర్ ఉండి నలభై దాటితే చాలామందికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు రాస్తారు, డాక్టర్‌ని అడగండి. మీవారి గరిట సంగతి కూడా ఓసారి చూడండి.