వింటున్న మనిషిని కూడా రాయండి

యువ మిత్రులకు,

నమస్కారం. మీరు పంపిన స్క్రిప్టు పూర్తిగా చదివాను. ఇద్దరు మనుషులు, ఒక ఇల్లు, కొన్ని నెలల కాలం, వెనుక పెద్ద నిర్మాణ సంస్థ ఏదీ లేకుండా తీయదలచిన ప్రేమకథ. ఇంత తక్కువ సరంజామాతో ఇంత కష్టమైన విషయాన్ని ఎత్తుకున్నందుకు ముందుగా నా అభినందనలు. వాళ్లిద్దరూ దగ్గరయ్యే క్రమం నమ్మదగినట్టుగా ఉంది, మాటలు సహజంగా ఉన్నాయి, కాబట్టి మొదటి సగం గురించి నేను చెప్పవలసింది పెద్దగా లేదు. ఈ ఉత్తరంలో నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది ఒక్క సీను గురించి. ఒక రాత్రి ఆమె అతన్ని నిద్రలేపి, అతను నిద్రపోయాక తాను రోజూ లేచి పక్కగదిలో ఒంటరిగా కూర్చుంటున్నానని, ఎందుకు కూర్చుంటున్నానో తనకే తెలియడం లేదని చెప్పే సీను అది. మీ చిత్రానికి ప్రాణం అక్కడే ఉంది, కానీ ఆ సీనును మీరు సగమే రాశారు.

ఆమె మాటలు పేజీన్నర వరకు వచ్చాయి. వాటిలో నేను మార్చమనేది దాదాపు ఏమీ లేదు. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం నడుస్తుందని ఈ వృత్తిలో అందరూ వేసుకునే లెక్క ఒకటుంది. ఆ లెక్కన ఆమె నిమిషంన్నర సేపు మాట్లాడుతుంది. ఆ నిమిషంన్నరలో అతను ఏం చేస్తున్నాడు? మీ కాగితం మీద దానికి సమాధానం లేదు. ఆమె చెప్పడం ముగించగానే అతను ఆమెను దగ్గరికి తీసుకుని "నేనున్నాను కదా" అంటాడు, సీను అయిపోతుంది. నేను మీతో గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే: మనసు విప్పి చెప్పుకునే సీనులో అసలు సంఘటన చెప్పే మనిషి దగ్గర జరగదు, వినే మనిషి దగ్గర జరుగుతుంది.

ఎందుకంటే, తనలో దాచుకున్నది బయటపెట్టాలని ఆమె నిర్ణయించుకునేసరికే ఆమెకు సంబంధించిన సంఘర్షణ చాలావరకు ముగిసిపోయి ఉంటుంది. నోరు తెరిచిన క్షణం నుంచి ప్రమాదం మరోవైపు మొదలవుతుంది. ఇచ్చింది ఆమె, దాన్ని ఏం చేయాలో తేల్చుకోవలసింది అతను. అతను దాన్ని అందుకుంటాడా, చేజార్చుకుంటాడా, తన గాయంగా మార్చుకుంటాడా, ఆమెకు తెలియకుండా దాచుకుని రేపటి గొడవలో ఆయుధంగా వాడతాడా అన్నది ప్రేక్షకుడికి తెలియదు, ఆమెకూ తెలియదు, బహుశా అతనికీ తెలియదు. ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి చూసేది దీని కోసమే. "నేనున్నాను కదా" అన్న మాటతో మీరు ఆ ప్రమాదాన్ని ఒక్క దెబ్బతో తీసేశారు. ఆ మాట దయగా వినిపిస్తుంది గాని, ఎవరు ఏం చెప్పినా సమాధానంగా సరిపోయే మాట అది. ఉద్యోగం పోయిందని చెప్పినా, జబ్బు చేసిందని చెప్పినా అదే అనవచ్చు. అంటే అతను ఆమె చెప్పింది విననే లేదన్నమాట. అతను అలాంటివాడని చూపించడమే మీ ఉద్దేశమైతే అది గొప్ప సీను అయ్యేది. కానీ తర్వాతి సీనులో వాళ్లిద్దరూ మరింత దగ్గరైనట్టు రాశారు కనుక మీ ఉద్దేశం అది కాదని అర్థమవుతోంది.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఆమె చెప్పడం ముగించాక అతని చేత ఒక్క ప్రశ్న అడిగించండి: "ఎన్నాళ్ల నుంచి?" ఇందులో కోపం లేదు, ఓదార్పు లేదు, పైకి చూస్తే సమాచారం కోసం అడిగిన మాటలాగే ఉంటుంది. కానీ ప్రేక్షకుడు వెంటనే పసిగడతాడు, అతను వెనక్కి లెక్క వేసుకుంటున్నాడని. తాము సంతోషంగా ఉన్నామనుకున్న రాత్రుల్లో ఎన్ని నిజమైనవో, ఎన్నింటిలో అతను కళ్లు మూసుకునే దాకా ఆమె ఎదురుచూసిందో తేల్చుకుంటున్నాడని. ఆమెకు కూడా అది తెలుస్తుంది. ఇప్పుడు ఆమె నిజం చెప్పాలా, తగ్గించి చెప్పాలా అన్న కొత్త సందిగ్ధంలో పడుతుంది. చూశారా, ఒకరు మాత్రమే గాయపడగల స్థితిలో మొదలైన సీనులో ఇప్పుడు ఇద్దరూ గాయపడగల స్థితికి వచ్చారు. సాన్నిహిత్యం అంటే తెర మీద నాకు కనిపించేది ఇదే. ఇద్దరిలో ఒకరే మనసు విప్పి, రెండోవారు క్షేమంగా ఉండిపోతే అది ఒప్పుకోలు అవుతుంది, ప్రేమకథ కాదు. మీ స్క్రిప్టులో అతను చివరిదాకా క్షేమంగానే ఉన్నాడు. ఓపిక, మంచితనం, అర్థం చేసుకునే గుణం అన్నీ అతనికి ఇచ్చారు గాని, పోగొట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదు. అతని మీద మీకున్న అభిమానాన్ని కాసేపు పక్కన పెట్టి, అతన్ని ఏ మాట గుచ్చుతుందో వెతకండి.

ఈ పనిని నాకు తెలిసినంతలో అందరికంటే నిర్దాక్షిణ్యంగా చేసినవాడు స్వీడిష్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్. 1973లో స్వీడన్ టెలివిజన్ కోసం ఆయన ఆరు భాగాలుగా తీసిన 'సీన్స్ ఫ్రమ్ ఎ మ్యారేజ్'లో, మూడో భాగంలో భర్త ఒక రాత్రి ఇంటికి వచ్చి, తాను మరొక స్త్రీని ప్రేమిస్తున్నానని, వెళ్లిపోతున్నానని భార్యకు చెబుతాడు. కొత్తగా రాస్తున్నవారెవరైనా అక్కడ ఏడుపో, అరుపులో రాస్తారు. బెర్గ్‌మన్ ఆమె చేత అతని పెట్టె సర్దడానికి సాయం చేయిస్తాడు. ఏళ్ల తరబడి చేసిన పనిని చేతులు వాటంతట అవే చేసుకుపోతుంటే, విన్నది ఆమె లోపలికి ఇంకా దిగలేదని మనకు తెలుస్తుంది. అతను వెళ్లిపోయాక ఆమె స్నేహితులకు ఫోన్ చేసి, ఈ సంగతి వాళ్లకు ముందే తెలుసని గ్రహిస్తుంది. అప్పుడు గాని ఆమె బద్దలవదు. చెప్పిన సంగతికి, అది తగలడానికి మధ్య ఎడం ఉంటుందని, ఆ ఎడంలో మనుషులు ఏదో ఒక పని చేస్తూనే ఉంటారని ఆ భాగాన్ని శ్రద్ధగా చూస్తే అర్థమవుతుంది. మీ సీనులో ఆ ఎడం లేదు. అతను వినీ వినగానే స్పందించాడు.

మాట లేకుండానే ఇదంతా జరగగలదని కూడా గుర్తుంచుకోండి. 1995లో రిచర్డ్ లింక్‌లేటర్ తీసిన 'బిఫోర్ సన్‌రైజ్' దాదాపు ఆసాంతం సంభాషణే అయినా, చాలామందికి గుర్తుండిపోయిన సీను మాత్రం ఇద్దరూ నోరు మెదపనిది. వియన్నాలో ఒక రికార్డుల దుకాణంలో, పాట వినడానికి కట్టిన ఇరుకు గదిలో ఇద్దరూ పక్కపక్కన నిలబడతారు. ఒకరు చూస్తే రెండోవారు చూపు తిప్పుకుంటారు, తిప్పుకున్నవారు మళ్లీ చూసేసరికి మొదటివారు వేరే వైపు చూస్తుంటారు. కెమెరా కదలదు, కట్ ఉండదు. చూస్తున్నట్టు పట్టుబడిపోతామేమో అన్న భయం ఒక్కటే ఆ సీనుకు కథ. ఇద్దరికీ సమానంగా ఉన్న భయం అది. అందుకే అంత బాగుంటుంది.

ఇక కాగితం మీద దీన్ని ఎలా రాయాలన్న ప్రశ్న. వినేవారి ముఖంలో కలిగే ప్రతి మార్పునూ వర్ణించమని నేను చెప్పడం లేదు. "అతని కళ్లలో బాధ మెరిసింది" వంటి వాక్యాలు నటుడికి ఏ విధంగానూ ఉపయోగపడవు, దర్శకుడికి చిరాకు తెప్పిస్తాయి. అతనికి ఒక పని ఇవ్వండి, ఆ పని ఎక్కడ ఆగిందో రాయండి. నిద్రలేచిన మనిషి దీపం వేయబోతాడు, ఆమె వద్దంటుంది, కాబట్టి అతను ఆమె ముఖం చూడకుండానే వినవలసి వస్తుంది. లేదా అతను మంచినీళ్ల కోసం లేవబోయి, సగం లేచిన మనిషి అలాగే ఆగిపోతాడు. ఆమె ఏ మాట దగ్గర ఆగిపోయాడన్నది మీరు తేల్చుకుని, ఆ మాట పక్కనే ఒక చిన్న వాక్యంగా రాయండి. ఇలా రాయకపోతే ఏం జరుగుతుందో చెబుతాను. ఎడిటింగ్ టేబుల్ మీద ఎడిటర్‌కు ఆ నిమిషంన్నరలో ఏదో ఒక చోట వినేవారి ముఖానికి కట్ చేయక తప్పదు. అక్కడ దొరికేది నటుడు తనకు తోచినట్టు పెట్టుకున్న సానుభూతి ముఖం. తల ఒకసారి ఊపుతాడు, కనుబొమలు కొద్దిగా దగ్గరకు చేరుస్తాడు. దాంతో మీ సీను మనం వందసార్లు చూసేసిన సీనుగా మారిపోతుంది. తప్పు నటుడిది కాదు, అతనికి కాగితం మీద ఏమీ ఇవ్వని రచయితది.

డబ్బు లేకపోవడం గురించి మీరు ఉత్తరంలో చాలా రాశారు. మీ బెంగ నాకు అర్థమవుతుంది గాని, ఈ తరహా చిత్రానికి డబ్బు కన్నా సమయం అవసరం. అమెరికన్ దర్శకుడు జాన్ కసావెటీస్ 'ఫేసెస్' (ముఖాలు) చిత్రాన్ని నటుడిగా సంపాదించిన సొమ్ముతో, 16 ఎం.ఎం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద, చాలావరకు సొంత ఇంట్లోనే తీశాడు. ఎడిటింగ్‌కే ఏళ్లు పట్టగా అది 1968లో విడుదలైంది. పేరుకు తగ్గట్టే దానిలో ముఖాలే ముఖాలు. 2010 నాటి 'బ్లూ వాలెంటైన్'లో దర్శకుడు డెరెక్ సియాన్‌ఫ్రాన్స్ జంట ప్రేమించుకున్న రోజులను ఫిల్ము మీద తీసి, ఆ తర్వాత ఇద్దరు నటులనూ సుమారు నెల రోజులు ఒకే ఇంట్లో ఒక కుటుంబంలా గడపనిచ్చి, అప్పుడు వాళ్ల కాపురం చెడిన రోజులను డిజిటల్ కెమెరాతో తీశాడు. మీకు నెల రోజులు దొరకకపోవచ్చు. కానీ కెమెరా, లైట్లు అద్దెకు తెచ్చే రోజుకన్నా ముందు ఇద్దరు నటులు ఒక గదిలో కూర్చుని రిహార్సల్ చేసుకోవడానికి ఖర్చు స్వల్పం. ఆ రిహార్సల్లో మీరు కూడా కూర్చోండి. మాట్లాడేవారిని కాకుండా వినేవారినే చూస్తూ కూర్చోండి. వినేవారి ధ్యాస ఏ వాక్యం దగ్గర పక్కకు పోయిందో, ఆ వాక్యం మీరు కొట్టేయవలసినది.

శారీరక సాన్నిహిత్యం ఉన్న సీన్ల విషయంలో మీ స్క్రిప్టు మరీ పొదుపుగా ఉంది. "వాళ్లు ఒకటవుతారు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. సిగ్గు వల్ల అలా రాశారో, దర్శకుడికి స్వేచ్ఛ ఇద్దామని రాశారో నాకు తెలియదు. ఏదైనా సరే, ఇక్కడ అస్పష్టత ప్రమాదకరం. కాగితం మీద లేనిదాన్ని సెట్ మీద ఎవరో ఒకరు నిర్ణయిస్తారు, దాని భారం సాధారణంగా నటి మీద పడుతుంది. 1972లో ఒక ప్రఖ్యాత చిత్రం షూటింగులో, 19 ఏళ్ల నటి మరియా ష్నైడర్‌కు ఒక బలాత్కార సీనులోని ముఖ్యమైన వివరం ముందుగా చెప్పకుండా దాచారు. ఆమె నటనగా కాక నిజమైన అవమానంతో స్పందించాలన్నది తన కోరిక అని దర్శకుడే ఏళ్ల తర్వాత బాహాటంగా చెప్పాడు. ఆ గాయాన్ని ఆమె జీవితమంతా మోసింది. నటులను మోసం చేసి రాబట్టిన కన్నీటిని నేను కళగా అంగీకరించను, మీరు కూడా అంగీకరించకూడదని కోరుకుంటాను. పరిశ్రమ ఆలస్యంగానైనా కళ్లు తెరిచింది. 2018లో అమెరికా టెలివిజన్ సంస్థ హెచ్‌బీవో తన కార్యక్రమాల్లో ఇటువంటి సీన్లున్న ప్రతిచోటా ఇంటిమసీ కోఆర్డినేటర్‌ను, అంటే నటుల సమ్మతితో, భద్రంగా ఆ సీన్లు జరిగేలా చూసే నిపుణులను, నియమించాలని నిర్ణయించింది. 2020లో అమెరికా నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా అందుకు సంబంధించిన ప్రమాణాలను ప్రకటించింది. చిన్న చిత్రానికి అటువంటి నిపుణులను తెచ్చుకునే స్తోమత లేకపోయినా, ఏ దుస్తులు ఉంటాయి, ఎవరు ఎవరిని ఎక్కడ తాకుతారు, షాటు ఎక్కడ ఆగుతుంది అన్న మూడు సంగతులు నటులు ఒప్పుకునే ముందే కాగితం మీద వాళ్ల చేతికి అందాలి. నటులు వద్దన్నది అక్కడితో ఆగిపోవాలి.

ఇలా స్పష్టంగా రాస్తే సీను యాంత్రికమైపోతుందని భయపడకండి. ఆ వివరాలు రాయడానికి కూర్చుంటే, ఈ ఇద్దరిలో ఎవరు ముందు చేయి చాపుతారు, ఎవరు దీపం ఆర్పమంటారు, ఎవరు కళ్లు మూసుకుంటారు అని మీరు ఆలోచించక తప్పదు. పక్కగదిలో ఒంటరిగా కూర్చునే అలవాటున్న స్త్రీ అతని పక్కన పడుకున్నప్పుడు ఏ వైపు తిరిగి పడుకుంటుంది? దీనికి సమాధానం మీకు తెలిస్తే, రాత్రి సీనులో ఆమె చేత చెప్పించిన పేజీన్నరలో సగం అక్కర్లేదని మీకే అనిపిస్తుంది.

చిన్న విషయాలు కొన్ని. రాత్రి సీను కింద "విషాద సంగీతం" అని రాశారు, అది తీసేయండి. గదిలో ఫ్యాన్ చప్పుడు చాలు. ఆమె బాల్యం గురించి మూడో అంకంలో వచ్చే ఫ్లాష్‌బ్యాక్ కూడా అనవసరం. అది ఆమె బాధకు కారణం చెప్పి ప్రేక్షకుడిని ఊరడిస్తుంది, తనకే కారణం తెలియదని ఆమె చెప్పిన మాటను అబద్ధం చేస్తుంది. ముగింపు గురించి ఇప్పుడే ఏమీ చెప్పను, ఎందుకంటే రాత్రి సీను మారితే ముగింపు ఎలాగూ మారుతుంది.

ముందు ఆ ఒక్క సీనునే తిరగరాయండి. మొదటిసారి ఆమె మాటలన్నీ తీసేసి, అతను ఏం చేశాడో మాత్రమే రాయండి. అది చదివితే ఆమె ఏం చెప్పి ఉంటుందో కొంతవరకైనా ఊహకు అందాలి. అందకపోతే అతను ఇంకా వినడం లేదన్నమాట. ఆ తర్వాత ఆమె మాటల్లో తప్పనిసరి అయినవాటినే వెనక్కి తెచ్చి పెట్టండి. రెండు ప్రతులూ నాకు పంపండి, మాటలు లేనిది ముందు చదువుతాను.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి